బీడుకు కూలి

మోకాలెత్తు పెరిగిన మొక్కజొన్న చేను. దాన్ని దున్నేయమన్నాడు ఆసామి. డ్రైవరు ట్రాక్టరు మీద కూర్చున్నాడు గానీ కాలు కదలడం లేదు. ఎదురుగా పైరులో నిలబడింది అతని సొంత అక్క. ఆ చేను ఆమే, మరికొన్ని కుటుంబాలూ కౌలుకు చేస్తున్నారు.

"ఏరా, నా పైరు తొక్కిస్తావా? నీ మేనకోడలి నోటికాడ కూడురా ఇది!"

"పక్కకి జరుగక్కా. నేను కాకపోతే ఇంకోడు తొక్కిస్తాడు."

"ఇంకోడైతే ఏడుస్తాను. నువ్వైతే మట్టి తీసి మొహాన కొడతాను."

ఆసామి మనుషులు ఆమెను రెక్క పట్టుకుని గట్టు మీదికి ఈడ్చేశారు. డ్రైవరు పళ్లు బిగించి గేరు వేశాడు. సాయంత్రానికి చేనంతా ఉత్త మట్టి. అతను దిగగానే అక్క అన్నంత పనీ చేసింది. కంట్లో పడ్డ మట్టిని కూడా అతను తుడుచుకోలేదు.

ఇదంతా సర్కారు చలవే. నేలకు విశ్రాంతి కావాలట! సాగు చేయకుండా బీడు పెట్టినవాళ్లకు ఎకరానికింతని సబ్సిడీ ఇస్తుందట. కౌలు కన్నా అదే ఎక్కువ గిట్టుబాటు. తనిఖీ అధికారి వచ్చేసరికి ఆసామి భూమిలో ఒక్క మొక్క కనబడకూడదు. కౌలుదారు అసలే కనబడకూడదు.

మర్నాడు పాత ధాన్యం గోదాములో కౌలుదార్లూ కూలీలూ కూడారు. డ్రైవరు గుమ్మంలో అడుగు పెట్టగానే గోల లేచింది.

"వీడెందుకొచ్చాడు? మన మాటలు మోసుకుపోవడానికా?"

"గెంటండి అవతలికి!"

"తనిఖీ అయ్యాక ట్రాక్టరు తాళం ఇచ్చేసి పొమ్మన్నాడు ఆసామి," అన్నాడు డ్రైవరు. "దున్నే పని లేనప్పుడు నేనెందుకట."

ఒక ముసలి కూలీ పకపకా నవ్వాడు. "నీ కడుపు కాలితే గానీ మా మంట తెలీలేదన్నమాట!"

"తెలీలేదు. తాళం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఏం చెయ్యాలో చెప్పండి."

గోల సద్దుమణిగింది. ఆ సబ్సిడీలో మనకీ వాటా ఇమ్మని అర్జీ పెడదామన్నాడొకడు.

"వాటానా?" అక్క లేచింది. "మనల్ని తరిమినందుకిచ్చే డబ్బులో మనకి వాటానా? థూ! భూమి కావాలి మనకి. వాళ్లు చూస్తుండగానే విత్తుదాం."

తమ్ముడి వైపు తిరిగి కూడా చూడకుండా అంది: "ట్రాక్టరు తీసుకురా."

తనిఖీ రోజున అధికారి కారు దిగేసరికి ట్రాక్టరు చాళ్లు తీస్తోంది. వెనకాల ఆడవాళ్లు ఒడినిండా గింజలు పోసుకుని విత్తుతున్నారు. మగవాళ్లు గట్టు పొడుగునా కంచెలా నిలబడ్డారు.

"దొంగ వెధవా! నా ఉప్పు తిని..." ఆసామి అరిచాడు.

"నీ ఉప్పు కాదు, మా చెమట!" అంది గట్టు మీద ముసలి కూలీ గొంతు.

అధికారి మొహం చిట్లించాడు. "మీరేం చేసినా నేను బీడనే రాస్తాను."

"రాసుకోండి సారూ," అంది అక్క, గింజలు చల్లుతూనే. "మొలిచాక వచ్చి కొట్టేసుకుందురుగాని."

పోలీసులు దిగారు. లాఠీలు లేచాయి. గట్టు మీది కంచె చెదిరింది, మళ్లీ కూడుకుంది. డ్రైవర్ని ట్రాక్టరు మీంచి కిందికి లాగారు. అక్క అడ్డం పడి అతని చొక్కా పట్టుకుంది. మట్టి కొట్టిన మొహాన్ని మట్టి చేత్తోనే నిమిరింది.

"భయపడకురా తమ్ముడూ."

"చాళ్లు సగమే అయ్యాయక్కా."

"మిగతావి మా పారలతో తీస్తాం. నువ్వు పో."

జీపు కదిలింది. పక్క ఆసామి పొలం దగ్గర రోడ్డు మలుపు తిరిగింది. అదీ బీడే. అక్కడి కౌలుదార్లు రోడ్డు మీద గుమిగూడి ఇటే చూస్తున్నారు. డ్రైవరు సంకెళ్ల చేతులు కిటికీలోంచి బయట పెట్టి గొంతు చించుకున్నాడు:

"మేం విత్తేశాం! మీరింకా చూస్తారేంటి?"

పోలీసు అతని నోరు నొక్కాడు. రోడ్డు మీద ఒకామె చీరచెంగు నడుముకు బిగించి, పార అందుకుని, ఆ బీడులోకి దిగింది. ఆమె వెనకే జనం దిగారు.