ఎడమచేతి పూత

మాణిక్యం మేస్త్రీకి ఉక్కు మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఎప్పుడూ లేదు. అలాంటివాడు డిసెంబరు చలిలో, బుధవారం పొద్దున్నే, కీర్తి నగర్ హార్డ్‌వేర్ గల్లీలో నిలబడి ప్లాస్టిక్ తాపీలు చూపించమన్నాడంటే ఏదో ముంచుకొచ్చిందనే అనుకోవాలి.

గోడ మీద ఆఖరి పూతను నునుపు చేసే వెడల్పాటి తాపీని ఢిల్లీలో గుర్మాలా అంటారు. ఉక్కుది కొంటే ఒక జన్మకు సరిపోతుంది. ప్లాస్టిక్‌ది పల్చగా, రేకులా వంగుతుంది. అట్టముక్కతో గోడకు పౌడరు రాసుకునేవాళ్ళ సామానని మాణిక్యం పదేళ్ళుగా దాన్ని వెక్కిరిస్తూ వచ్చాడు. ఇప్పుడదే మనిషి కౌంటరు మీద డజను పరిచి పెట్టించి, ఒక్కొక్కటే రెండు చేతులా పట్టుకుని వంచి చూస్తున్నాడు. వంచి వదిలితే తిన్నగా వెనక్కి రావాలి. అంచును కంటికి ఆనించి చూస్తే ఎక్కడా అల కనబడకూడదు. మూలలు గుండ్రంగా ఉండాలి, లేకపోతే తడి పూతలో గీత దిగుతుంది. ఎంత వెక్కిరించినా ఎంచడం మాత్రం వాడికి బాగానే తెలుసు.

"సున్నం పూతా ఉస్తాద్? ఉక్కుతో నల్ల చారలు పడుతున్నాయా?" అని హిందీలో అడిగాడు కొట్టతను.

"హా భయ్యా, చారలే," అన్నాడు మాణిక్యం.

చారలేమీ పడలేదు. చారలే పడివుంటే ఆ రోజు హాయిగా టీ తాగి ఉండేవాడు. మందంగా ఉన్నదొకటి, నడితరంగా ఉన్నదొకటి, కాగితంలా వంగేదొకటి ఏరి సంచిలో వేసుకున్నాడు.

సంగతేమిటంటే, మాణిక్యం చెల్లెలు సరోజ జనక్‌పురిలో మొదటి అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుంది. ఆదివారం నుంచి అక్కడ కుట్టు నేర్పించాలని ఆమె ఆలోచన. ముందుగదిలో ఒక గోడ చెమ్మకు పొంగిపోయి ఉంటే, "ఆ గోడ నాను సేసిపెడతాన్లే" అని మాణిక్యం మాటిచ్చాడు. సరోజ భర్త భీమేశ్వరరావు పోయి పది నెలలైంది. బావా బావమరుదులిద్దరూ బొబ్బిలి దగ్గర్నుంచి కలిసే వచ్చారు, కంటోన్మెంటులో మిలిటరీ కట్టడాల పనిలో మేస్త్రీలుగా కలిసే జీతం తిన్నారు, ఆ తర్వాత బయట పనులు కూడా కలిసే పట్టారు. మాణిక్యానిది కుడిచెయ్యి వాటం, బావది ఎడమచెయ్యి. గోడకు చెరో కొసన మొదలుపెట్టి పూసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకునేవారు. వాళ్ళకు సున్నం కలిపి అందించింది సరోజే.

ఎంత నునుపుగా లాగినా గోడ మీద మేస్త్రీ చెయ్యి మిగిలిపోతుంది. ఎదురుగా నిలబడితే కనబడదు. సాయంత్రం ఏటవాలు ఎండలో, గోడకు చెంప ఆనించి చూడాలి. అప్పుడు తాపీ తిరిగిన విల్లులు వరసగా తేలతాయి. కుడిచేతివాడి విల్లు ఒక వైపుకు వాలితే ఎడమచేతివాడిది రెండో వైపుకు వాలుతుంది. ఈ విద్య తెలిసినవాళ్ళకు గోడ చూడగానే మేస్త్రీ పేరు తెలిసిపోతుంది.

సోమవారం మాణిక్యం ఆ గోడను ఒక్కడే ఉక్కు గుర్మాలాతో ముగించాడు. నాలుగున్నరకు బాల్కనీలోంచి ఎండ అడ్డంగా పడింది. అలవాటు కొద్దీ చెంప ఆనించాడు. విల్లులన్నీ రెండో వైపుకు వాలి ఉన్నాయి.

బావ ఆజానుబాహువు. ఆ విల్లులు స్టూలెక్కితే తప్ప మాణిక్యం చెయ్యి అందని ఎత్తు దాకా వెళ్ళాయి. ఆ రోజు మాణిక్యం స్టూలెక్కలేదు, పైభాగాన్ని కర్రకు కట్టిన పలకతో లాగాడు. పైన, కుడి మూలకు దగ్గర్లో, ఒక విల్లు సగంలో తెగిపోయింది. అక్కడి నుంచి ఒకే ఒక గీత నిటారుగా నేల దాకా దిగింది.

మంగళవారం గీకేసి మళ్ళీ పూశాడు. మళ్ళీ అదే. అప్పుడు తట్టింది వాడికి. ఇద్దరూ ఒకే రోజున, ఒకే కొట్లో రెండు గుర్మాలాలు కొన్నారు. బావ పోయాక సామానంతా ఒకే సంచిలో కలిసిపోయింది. తన చేతిలో ఉన్నది బావదేమో, ఇన్నేళ్ళు ఒకే చేతిలో అరిగిన ఉక్కు కదా, పాత వాటం పోలేదేమో. ఎవరి చెయ్యీ పడని కొత్తది కావాలి. అందుకే కీర్తి నగర్.

మందపాటిదాంతో బుధవారం పూశాడు. విల్లులు అదే వైపుకు వాలాయి. నడితరందాంతో గురువారం పూశాడు. ఇంకా తేటగా వచ్చాయి. తాపీలు కడుగుతూ చూస్తే మరో విషయం బయటపడింది. కుడిచేతివాడి తాపీ ఒక మూల అరుగుతుంది. ఈ రెండూ ఒక్క రోజులోనే రెండో మూల అరిగి ఉన్నాయి. మాణిక్యం వాటిని నీళ్ళ బక్కెట్లోనే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

పిరికివాడని అనుకోకండి, శుక్రవారం మళ్ళీ వచ్చాడు. రాక చస్తాడా, ఆదివారానికి గది ఇవ్వాలి. కాగితంలా వంగేది తీశాడు. ఉక్కు చేతిని కాస్త అణుస్తుంది. ఇది అలా కాదు, చెయ్యి ఎలా చెబితే అలా లొంగుతుంది. పొద్దున పదిగంటలకు, వీధిలో కూరగాయల బండివాడు కేకలు వేస్తుండగా, మాణిక్యం దాన్ని తడి పూత మీద ఆనించాడు. తను నొక్కకముందే అది వంగింది. వేళ్ళు వదులు చేశాడు. తాపీ గోడను వదల్లేదు. తడికి అంటుకుని ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. అంటుకున్న వస్తువు ఉన్నచోటే ఉంటుంది. ఇది నెమ్మదిగా పైకి జరిగింది, వాడి చేతిని వెంట లాక్కుంటూ. పెనుగులాడితే ఆగేదేమో కానీ మాణిక్యం పెనుగులాడలేదు. ఆ లాగుడు వాడికి తెలుసు. ముప్ఫై ఏళ్ళు పక్కనే చూసిన లాగుడది.

రోజూ మధ్యాహ్నం వచ్చి వెళ్ళే సరోజ ఆ రోజు నాలుగున్నరకు వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన కుట్టుగుడ్డల సంచి. చెప్పులు విడిచి గదిలోకి అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయింది. ఎండ సరిగ్గా గోడ వెంబడే పడుతోంది. ఆ రోజు చెంప ఆనించే పని కూడా లేదు. విల్లు మీద విల్లు, గోడంతా స్పష్టంగా కనబడుతోంది.

సంచి కింద పెట్టి గోడ దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి ఆనించి ఒక విల్లు వెంట పైకి నడిపింది.

"అన్నియ్యా, ఇది మీ బావ సెయ్యి కదేటి?"

మాణిక్యం చేతిలోని తాపీని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నా కోసమని ఎడంసేత్తో పూసినావేటి? ఆయన వాటం నేర్చీసుకున్నావేటి?" ఆమె రెండో అరచెయ్యీ గోడకు ఆనించింది. "ఇలాగే ఉంచీ అన్నియ్యా. రంగు కూడా ఎయ్యొద్దు. ఈ గోడ కిందే మిషను ఎట్టుకుంటాను."

ఎంత సులువుగా దొరికిందో చూడండి దారి. అవునమ్మీ అంటే సరిపోయేది. చెల్లెలికి మొగుడి చెయ్యి మిగిలేది, అన్నకు మంచి పేరు దక్కేది. అవుననడానికి మాణిక్యం నోరు తెరిచాడు కూడా.

ఆమె వేలు తెగిన విల్లు దాకా వెళ్ళి, అక్కడి నుంచి గీత వెంట కిందికి దిగింది. నేల దాకా వంగి, అక్కడే చతికిలబడింది.

"ఆ రోజు శనోరం. ఆయనకి ఒంటిపూట ఉపాసం. కాఫీ సుక్క కూడా తాగకుండా ఎల్లిపోతంటే నాను ఊరుకున్నాను. రెండు ఇడ్లీ బలవంతంగా ఎట్టుంటే కళ్ళు తిరిగి పరంజా మీంచి పడుండేవారు కాదు." సరోజ గీత మీంచి చెయ్యి తియ్యలేదు. "రేపు శనోరమే."

పది నెలలుగా సరోజ శనివారం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. చీర కుచ్చెళ్ళు ఒంటి మీద నిలవడం లేదు, మెడ ఎముకలు తేలాయి. ప్రతి శనివారం మాణిక్యం ఆ సంగతి తెలిసే అన్నం తిన్నాడు.

"కళ్ళు తిరగనేదమ్మీ," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"అది నాను సెప్పిన మాట. గురుగ్రామ్ బంగళా కాడ పరంజాకి తాడు సాల్నేదు. బావ పక్కనున్న కట్టు ఒకటి ఇప్పీసి నా పక్క కట్టుకున్నాను. మద్దేనం ఏరే తాడు తెచ్చి కడదామనుకున్నాను. బావకి సెప్పనేదు. సెబితే పని ఆపీమంటాడని సెప్పనేదు. మజ్జిలో కలుసుకోడానికి రెండు బారలుండగా బావ నిలబడ్డ బల్ల ఒరిగిపోనాది."

సరోజ ఏడవలేదు, తిట్టలేదు. ఎండ పలచబడి బాల్కనీ కమ్మీ మీదకు వెళ్ళిపోయింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేశారు. "నువ్వెల్లు అన్నియ్యా," అంది సరోజ. మాణిక్యం సామాను అక్కడే వదిలేసి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ వచ్చాడు. తిట్టించుకోవడానికే వచ్చాడు. తలుపు తీసే ఉంది. సరోజ నిన్నటి చీరలోనే, అదే చోట, గోడకెదురుగా కూర్చుని ఉంది. ఆమె పక్కన విప్పని టిఫిన్ డబ్బా.

సరోజ ఫోను టార్చి వెలిగించి గోడకు అడ్డంగా పట్టింది. మాణిక్యం చెంప ఆనించాడు. ఇటు వాలిన విల్లు లేదు, అటు వాలిన విల్లూ లేదు. నిటారు గీత లేదు. పాలరాయిలా నునుపు తేలిన గోడ, ఏ మనిషీ పూయని గోడ. తన చెయ్యి అయినా ఎక్కడైనా ఉందేమోనని మూల నుంచి మూలకు వెతికాడు. లేదు. కిటికీ గట్టు మీది ప్లాస్టిక్ తాపీకి నాలుగు మూలలూ కొట్లో ఏరినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"నువ్వు ఎల్లినాక పోనాయి," అంది సరోజ. "పైనుంచి ఒక్కొక్కటే. సెయ్యి అడ్డం ఎట్టినాను, ఆగనేదు."

టార్చి ఆర్పేసింది.

"ఆయన్ని రెండుసార్లూ పంపీసింది నువ్వేనా అన్నియ్యా."

మాణిక్యం గుమ్మం దాకా వెనక్కి జరిగాడు. సరోజ టిఫిన్ డబ్బా దగ్గరికి లాక్కుని మూత తీసింది. నిన్నటి ఉప్మా గట్టిపడి ఉంది. చేత్తో విరిచి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగింది. ఇంకో ముద్ద విరిచింది. పది నెలల తర్వాత శనివారం పొద్దున ఆమె కడుపు నిండా తింది. తింటావా అని మాత్రం అన్నను అడగలేదు.