మిల్లు రేకులు

శనివారం పొద్దున మా చర్చి ముందర ట్రాక్టరు ఆగింది. దాంట్లోంచి పాత సిమెంటు రేకులు దించుతుంటే నా ఒళ్లు మండిపోయింది. అవి నంద్యాల అవతల ఎప్పుడో మూతపడిన రాతినార, అంటే ఆస్బెస్టాస్, మిల్లు షెడ్డు రేకులు. ఆ మిల్లులోనే మా బావ ఏసయ్య వయసంతా పనిచేశాడు. అది మూతపడ్డాక మా అక్కతో కలిసి ఆళ్లగడ్డకు, మా ఇంటికే వచ్చేశాడు. ఇప్పుడు షెడ్డు కూలగొట్టిస్తూ ఓనరు ఆ రేకుల్ని ఆళ్లగడ్డలోని మా చర్చికి దానం చేశాడు. పోయిన వానలకు మా కప్పు కారుతోంది కాబట్టి సంఘమంతా సంతోషపడింది. నాకు సంతోషం లేదు. ఎందుకు లేదో చెప్పకూడదని మా అక్క రూతు నా దగ్గర మాట తీసుకుంది.

అక్కకు మొదట ఆయాసం వచ్చింది, తర్వాత డొక్కలో నొప్పి. టీబీ అని మందులిచ్చారు, తగ్గలేదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని తీశారు, మళ్లీ చేరింది. ఆఖరికి లోపలి నుంచి చిన్న ముక్క తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చిన రోజు నంద్యాల ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్కను అడిగింది.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

"ఇంటిపనే మేడం. బయట యాడా పని చేయలేదు."

"మీ ఆయన?"

"రాతినార మిల్లులో చేసేటోడు. మూసేసి శానా కాలమైంది."

"ఆయన బట్టలు ఎవరు ఉతికేవాళ్లు?"

అక్కకు నవ్వొచ్చింది. "ఇంకెవురు ఉతుకుతారు మేడం? నేనే. ప్యాంటు ఇడిస్తే అదే నిలబడేది, అంత పిండి. నీళ్లలో ఏస్తే సబ్బు ఊరికే కరిగిపోతాదని, ముందర పొడిబట్టల్నే బండకేసి కొట్టి దులిపేదాన్ని. మా వీధిలో ఆడోళ్లమంతా అట్లే చేసేది."

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. అది పిండి కాదట, కంటికి కనపడని సూదుల్లాంటి నారట. ఊపిరితో లోపలికి పోతే కరగదు, కుళ్లదు. ఊపిరితిత్తుల మీద ఉండే పొరలో ఇరవై ముప్పై ఏళ్లు, ఇంకా ఎక్కువే, ఊరికే పడి ఉండి, తర్వాత క్యాన్సరై లేస్తుందట. దాని పేరు మెసోథెలియోమా. బాధ తగ్గించే మందులున్నాయి, పూర్తిగా పోగొట్టే మందు లేదు. మా ఇండ్ల మీద పాత సిమెంటు రేకుల్లో కూడా ఆ నారే ఉందని చెప్పింది. పగలకుండా కప్పు మీదుంటే అంత భయం లేదు గానీ, కోసినా, పగలగొట్టినా, పొడిగా గీకినా ఆ దుమ్ము పీల్చకూడదంది.

బయటికి రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు లూదియా. అడిగితే నెమ్ము అను. మీ బావకు తెలిస్తే తన వల్లనే అని సచ్చిపోతాడు."

ఒట్టు పెట్టడం మాకు తప్పు. అక్క ఒట్టు అడగలేదు, మాట అడిగింది. ఇచ్చాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. చర్చిలోకి పోయే ఏ వస్తువైనా, చాపగానీ బెంచీగానీ, స్త్రీల సమాజం చేతులతో శుభ్రం చేసి ప్రార్థన చేశాకే లోపలికి పోతుంది. అట్లనే ఆ రేకులకు కూడా ఆడవాళ్లు కూర్చున్నారు. మిల్లు దుమ్ము వాటికి అట్టలు కట్టింది. పద్మమ్మ చీపుర్లు, ఇనుప బ్రష్షులు పంచింది. పాటెత్తుకుని గీకడం మొదలుపెట్టారు. తెల్లగా పొగ లేచింది. చంటిపిల్లను చెట్టుకింద పడుకోబెట్టి వచ్చిన జెస్సీ మొహమంతా తెల్లబడింది.

"ఏం జెస్సీ, మొహానికి అంత పౌడరు కొట్టినావు, మళ్లా పెండ్లి చూపులా?" అంది పద్మమ్మ. అందరూ నవ్వారు.

నేను పోయి జెస్సీ చేతిలోని బ్రష్షు లాక్కున్నాను.

సంఘ పెద్ద యోహానన్న చూశాడు. "ఏంది లూదియా, పొద్దున్నే పోట్లాటకొచ్చినావా?"

"ఈ రేకులు మనకొద్దన్నా. ఎనక్కి పంపీ."

"దానమిచ్చింది ఎనక్కి పంపుతారా ఎవురన్నా? నీ మొగుడు కొనిస్తాడా కొత్తవి?"

"ఈ దుమ్ము మంచిది కాదన్నా. ఊపిరితిత్తులకు రోగమొస్తాది."

"పదో తరగతి నుంచి ఒకే దుంకుకు డాక్టరైనావే! ప్రార్థన చేసి ముట్టుకుంటే ఏ దుమ్మూ ఏం చేయదు పోమ్మా. మీ బావను సూడు, ఆ దుమ్ములోనే పెరిగినాడు. ఎద్దు మాదిరి ఉండాడు."

ట్రాక్టరు మీంచి రేకులు దించుతున్న బావ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది, ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. ప్రార్థన అంటాడు. మా అక్క కంటే ఎక్కువ ప్రార్థన చేసిన మనిషి ఈ సంఘంలో ఎవరున్నారు? ఆ బట్టలు దులిపేటప్పుడు కూడా ఆమె నోట్లో కీర్తన ఉండేది. దేవుడు వినలేదా అని నేను చాలాసార్లు అడిగాను. దేవుడు వినడం సరే, తెలిసిన మనిషి ఒక్కడు చెప్పి ఉంటే చాలు కదా అనిపించింది. ఇప్పుడు ఇక్కడ తెలిసిన మనిషిని నేనే.

"మా అక్కకు నెమ్ము కాదు," అన్నాను గట్టిగా. "క్యాన్సరు. ఈ దుమ్ముతోనే వచ్చింది."

పాట ఆగిపోయింది. బావ చేతిలో రేకు అట్లనే ఉంది.

"మీ అక్క మిల్లులోకి యాడొచ్చింది లూదియా?" అన్నాడు. "ఒక్కనాడన్నా గేటు దాటిందా?"

నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. "నీ బట్టల్లోనుంచి బావా."

బావ రేకును కింద పడేయలేదు. పగులుతుందని కాబోలు, మెల్లగా ఆనించి పెట్టాడు. ట్రాక్టరు దిగి, ఎవరినీ చూడకుండా మా ఇంటివైపు నడిచాడు.

"దేవుని చిత్తం ఎట్లుంటే..." అని మొదలుపెట్టాడు యోహానన్న.

"దేవుని మీద ఎయ్యొద్దన్నా! ఆ మిల్లు ఆడించింది మనుషులు."

పద్మమ్మ చీపురు ఆయన కాళ్ల దగ్గర పారేసింది. "అంత ప్రార్థన ఉంటే నువ్వే గీకు యోహానన్నా. మేము సూస్తాం."

ఆడవాళ్లు లేచారు. కొంగులు దులుపుకోబోతుంటే అరిచి ఆపాను. ముందు కట్టుబట్టలతోనే ఒంటి మీద నీళ్లు పోసుకొని, తడిబట్టలు విప్పి, తర్వాతే పిల్లల్ని ముట్టుకోమన్నాను. రేకుల మీద పైపుతో నీళ్లు కొట్టించి, టార్పాలిన్ పట్ట కప్పించాను. యోహానన్న అడ్డుపడలేదు. ఒప్పుకున్నాడని కాదు, పని చేసే చేతులు లేవు.

నేనూ ఒళ్లు కడుక్కొని ఇంట్లోకి పోయేసరికి అక్క దిండ్లకు ఆనుకొని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. బావ ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చొని ఉన్నాడు.

"మాటిచ్చి తప్పినావు," అంది అక్క.

"తప్పినా."

"జెస్సీ ఉండిందా ఆడ? పాలిచ్చే పిల్ల."

"ఉండింది. అదే ముందర గీకుతాండె."

అక్క కళ్లు మూసుకుంది. అప్పుడు బావ నేలను చూస్తూ అన్నాడు. "ఓనరు ఎప్పుడు షెడ్డులోకి వచ్చినా ముక్కుకు రుమాలు కట్టుకొని వచ్చేటోడు. లోపలున్నంతసేపూ ఇప్పేటోడు కాదు. పెండ్లికూతురు వచ్చిందిరా అని మేం నవ్వుకునేది."

అక్క కళ్లు తెరిచింది. ఇన్నాళ్ల జబ్బులో ఆమె కళ్లలో అలాంటి కోపం నేను చూడలేదు.

"వానికి తెలుసు," అంది. "మనకే చెప్పలేదు. నువ్వు ఏడవాకు. ఏడవాల్సింది నువ్వు కాదు."

లేవడానికి గోడ పట్టుకుంది. నేను పోయి పట్టుకున్నాను.

"యాడికక్కా?"

"నంద్యాల. మిల్లు వీధిలో నాతోపాటు ఉతికినోళ్లు ఉండారు. సాజిదా ఉంది, ఓబులేసు పెండ్లాం ఉంది. ఎవురికి ఆయాసముందో, ఎవురు నెమ్మనుకుంటాండారో. అందరికీ చెప్పాల. చెప్పి, అందర్నీ పిల్చుకొని వాని ఇంటికి పోదాం."

"ఈ ఆయాసంతోనా?"

"నాకు మాట రాకపోతే నువ్వు మాట్లాడు."

బావ మొహం తుడుచుకొని ఆటో పిలవడానికి పోయాడు.