వదిన మిషను ఆపిన చోట్లు

ఆయన అసలు పేరు పుస్తకాల అట్టల మీద తప్ప ఎవరి నోటా ఉండేది కాదు. వాక్యాన్ని ముగించమంటే ప్రాణం పోతున్నట్టు విలవిల్లాడి, ఇంకో కామా పెట్టి ఇంకాస్త సాగదీసే మనిషి గనక అందరూ కామాగారు అనేవాళ్లు. చేసేది అనువాదం. ఆ మాటలో 'అను' వాళ్లకీ వీళ్లకీ పోయి, 'వాదం' మొత్తం తన తమ్ముడి వాటాకే వచ్చిందని వాళ్ల అన్నయ్య ఎన్నడో తేల్చేశాడు.

ఆ రోజు పొద్దున్నే పబ్లిషరు ఫోన్ చేశాడు.

"గురువుగారూ, మీ 'వంతెన ఇల్లు' మళ్లీ వేస్తున్నాం. రేపు ప్రెస్సుకి పంపేస్తా. దిద్దాల్సినవి ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవోయ్. అప్పట్లోనే దిద్ది దిద్ది చంపాను. ఇప్పుడు శవాన్ని కదపకు."

ఫోన్ పెట్టేయగానే ఆయనకు వదిన గుర్తొచ్చింది. ఆ పుస్తకం పుట్టింది ఆవిడ ముందుగదిలోనే మరి. చొక్కా తగిలించుకుని, అంచులు నలిగిన తన ప్రతిని చంకన పెట్టుకుని బయల్దేరాడు.

పెళ్లీ పెటాకులూ లేని రోజుల్లో కామాగారు అన్నావదినల ఇంట్లో ఉండేవాడు. ముందుగదిలో కిటికీ పక్కన వదిన కుట్టుమిషను, ఎదురుగోడకు ఆనించి ఈయన బల్ల. ఆవిడవి గుడ్డ ముక్కలు, ఈయనవి మాట ముక్కలు. రాసిన ప్రతి పేజీనీ ఆయన పైకి చదివేవాడు. వదిన తొక్కుతూ వినేది. టకటకా టకటకా మిషను నడుస్తుంటే వాక్యాలూ నడిచేవి. ఉన్నట్టుండి మిషను ఆగేది.

మొదటిసారి ఆగినప్పుడు ఆయన కంగారుపడి, "ఏమైంది వదినా?" అన్నాడు.

"ఏం లేదు, కానివ్వు."

ఎంత మర్యాదస్తురాలు, బాగాలేదని మొహం మీద చెప్పలేకపోతోంది పాపం అనుకున్నాడు కామాగారు. వెంటనే ఆ వాక్యం కొట్టేసి వేరేది రాసి చదివాడు. మిషను హాయిగా సాగిపోయింది. అంతే, ఆయనకు పద్ధతి దొరికింది. మిషను ఆగిందా, వాక్యం పోయినట్టే. వదిన కుట్టేది, మరిది కొట్టేసేవాడు. అలా పుస్తకం మొత్తం పూర్తయింది. 'ఎక్కడా ఆగకుండా సాగిపోయే అనువాదం' అని పత్రికలు రాశాయి. ఆగకుండా ఎందుకు సాగిందో తనకూ వదిన కాలికీ మాత్రమే తెలుసని ఆయన మురిసిపోయాడు.

ఇప్పుడు వదిన కూతురి దగ్గర, మూడో అంతస్తులో ఉంటోంది. చూపు బాగా తగ్గింది. మిషను మాత్రం ఇక్కడా కిటికీ పక్కనే ఉంది, పైన దుప్పటి కప్పుకుని.

"ఎవరూ, కామాయేనా? మెట్లెక్కుతూ కూడా మధ్యమధ్యలో ఆగుతున్నావంటే నువ్వేలే అనుకున్నా."

"నీ పుస్తకం మళ్లీ వస్తోంది వదినా."

"నాదేంటి, నీది కదా!"

"సగం నీదే."

"అయితే సగం చదువు. నాకు నచ్చిన సగం."

"ఏది నచ్చింది నీకు?"

"అదేం ప్రశ్న? నేను మిషను ఆపేదాన్ని చూడూ, ఆ ముక్కలు."

కామాగారి చెయ్యి పుస్తకం మీదే ఉండిపోయింది.

"ఆపేది... బాగుండకపోతే కదా వదినా?"

"చోద్యం! బాగుండకపోతే ఎవరైనా ఆపుతారా? ఇంకా జోరుగా తొక్కేసేదాన్ని, తొందరగా అయిపోతుందని. బాగుంటేనే ఆ చప్పుడులో వినపడదని ఆపేది. నీ మూలంగా ఎన్ని జాకెట్లు ఆలస్యమయ్యాయో, ఎంతమంది చేత తిట్లు తిన్నానో నీకేం తెలుసు!"

నవ్వాలో ఏడవాలో కామాగారికి తెలియలేదు. జీవితమంతా మూలానికి ద్రోహం చేయకూడదని మూలుగుతూ బతికినవాడు, మూల కూర్చున్న మనిషి మనసు మాత్రం కనిపెట్టలేకపోయాడు. ఏరి ఏరి మంచివాక్యాలన్నీ తన చేత్తోనే పారేశాడు. ఆవిడ జోరుగా తొక్కి వదిలించుకున్నవి అచ్చులో మిగిలాయి. చిత్తుప్రతులా? ఇల్లు మారినప్పుడే పోయాయి.

"అమ్మ పిల్లకి జడవేసే చోటు చదువు" అంది వదిన. "పిల్ల ఉద్యోగానికి వెళ్లిపోయే రోజు. అది విన్నాక నేను చాలాసేపు కాలు కదపలేదు."

ఆయన పేజీ తీశాడు. అక్కడ ఇలా ఉంది: 'తల్లి కుమార్తె కేశాలను అలంకరించి, క్షణకాలం నిశ్చలంగా నిలిచిపోయెను.'

చెప్పేస్తే సరిపోయేది. వదినా, నువ్వు ఆపావు, నేను కొట్టేశాను, అదిక లేదు అని. తల ఎత్తి చూశాడు. వదిన కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఇన్నేళ్లూ ఆ వాక్యాన్ని దాచుకున్న మనిషికి అది ఎక్కడా లేదని ఎలా చెప్పడం?

కామాగారు గొంతు సవరించుకున్నాడు. కళ్లు పేజీ మీదే ఉంచి, అక్కడ లేనిదాన్ని చదవడం మొదలుపెట్టాడు. రైలు వంతెన పక్క ఇల్లు, గుమ్మంలో పెట్టె, అమ్మ ముందు వెనక్కి తిరిగి కూర్చున్న పిల్ల. మూలంలోని మాటలు ఎక్కడినుంచో తోసుకొచ్చాయి.

"జడ అల్లడం అయిపోయింది. అమ్మ చేతులకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు."

వదిన చాలాసేపు కదల్లేదు.

"ఊఁ" అంది చివరికి. "అప్పట్లో ఇంకాస్త బాగుండేది. గొంతు ముసలిదైపోయింది కదా, పోన్లే."

"పోన్లే" అన్నాడు ఆయన కూడా.

"అక్కడ ఆ పేజీ కొన మడిచి, పుస్తకం ఇచ్చి వెళ్లు. సాయంత్రం అమ్మాయి చేత మళ్లీ చదివించుకుంటా."

కామాగారు పుస్తకాన్ని గబుక్కున గుండెకు హత్తుకున్నాడు. "ఇది వద్దు వదినా! పాతది, చిరిగింది. కొత్తది వస్తోందిగా, అది తెచ్చిస్తా" అని, వెంటనే పబ్లిషరుకు ఫోన్ కలిపాడు.

"రేపు పంపకు."

"అదేంటి గురువుగారూ, శవాన్ని కదపొద్దన్నారు కదా?"

"ఊపిరుందోయ్. నేనే సరిగా చూసుకోలేదు."

"మార్పులు ఎన్ని ఉంటాయి?"

కామాగారు ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వదినా, ఇంకా ఎక్కడెక్కడ ఆపావు?"

"ఇప్పుడు అడిగితే ఏం చెప్పను? మొదటినుంచీ చదువుతూ పో. వచ్చినప్పుడు చెప్తా."

"తెలియదోయ్" అన్నాడు ఫోన్‌లో. "నేనే ఫోన్ చేస్తాలే."

కుర్చీని వదిన దగ్గరగా లాక్కుని, జేబులోంచి పెన్సిలు తీసి, ఆయన మొదటి పేజీ తెరిచాడు.