నెలవంకకు రెండో సాక్షి

సానచక్రం మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. హైదర్ అద్దాన్ని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని, అంచు మాత్రమే తగిలేటట్టు ఆనించి, మెల్లగా తిప్పుతున్నాడు. తెల్లని అద్దపు బురద మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. సగం తిప్పాక ఆపి, ఫ్రేములో పెట్టి చూశాడు. ఇంకా కొంచెం అరగాలి. కొంతకాలంగా అతను ఆ కొంచెం ఎంతో కంటితో కాదు, వేలితో కొలుస్తున్నాడు. ఆ సంగతి దుకాణంలో ఎవరికీ తెలియదనుకుంటున్నాడు.

వనపర్తి పాత బస్టాండు దగ్గరి ఆ కళ్లద్దాల దుకాణంలో అతనికిది ముప్పై ఎనిమిదో ఏడు. ఇప్పటి యజమాని బాలకృష్ణ తండ్రి కాలంలో చేరాడు. అరవై దాటిన మనిషి. చక్రం ఎడమవైపు ఉండటం వల్ల నడిచేటప్పుడు కూడా ఎడమకే వంగి ఉంటాడు. వేళ్ల కొనలు అరిగి నున్నగా మెరుస్తాయి. రేషన్ దుకాణం మిషను మీద అతని ముద్ర పడదు. "నువ్వు నువ్వే అని దీనికి నమ్మకం లేదు చాచా," అంటాడు డీలరు ప్రతి నెలా, వేరే వేలు పెట్టమంటూ.

స్టూలు కింద, చెప్పుల పక్కన, గుడ్డసంచిలో రెండు చిన్న అట్టపెట్టెలు ఉన్నాయి. పొద్దుటి నుంచి వాటిని కాలితో తాకి చూసుకుంటున్నాడు. ఒకదానిలో టెలిస్కోపుకు ఫోను బిగించే క్లాంపు. ఇంకొకదానిలో రూపాయి బిళ్లంత నారింజరంగు ఫిల్టరు. దాన్ని టెలిస్కోపులో కన్ను పెట్టే గొట్టానికి తిప్పి బిగిస్తే, సందెవేళ ఆకాశపు తెలుపు అణగి, సన్నని నెలవంక తేటగా కనిపిస్తుందట. నాగర్‌కర్నూలులో ఉండే కూతురు హుమేరా రెండూ తెప్పించి పోయిన ఆదివారం ఇచ్చి వెళ్లింది.

"ఒక్కటే ఉంచుకో అబ్బా. ఇంకోటి వాపస్ చెయ్యాలె. నీకు ఏది పనికొస్తదో నాకు తెల్వదు."

వాపసుకు ఈరోజే ఆఖరు. కొరియర్ దుకాణం నాలుగింటికి మూస్తారు. ఈరోజే రంజాన్ ఇరవై తొమ్మిదో రోజా కూడా. సాయంత్రం చంద్రుడు కనిపిస్తే రేపు పండుగ, లేకుంటే ఇంకో ఉపవాసం.

టెలిస్కోపు వెంకటన్న సారుది. సైన్సు మాస్టరుగా రిటైరై ఊరు వదిలి వెళుతూ, అద్దం తుడవడం తెలిసిన మనిషి దగ్గర ఉంటే బాగుంటుందని హైదర్‌కు ఇచ్చాడు. నిరుడు ఇదే ఇరవై తొమ్మిదో నాడు, డాబా మీద, హైదర్ అందులో చంద్రుణ్ణి చూశాడు. పడమటంతా దుమ్ము. ఆ దుమ్ములో గోటితో గీరినట్టు ఒక గీత. పరుగున మసీదుకు పోయి, చూశానని అల్లా సాక్షిగా చెప్పాడు. పండుగ చంద్రుడికి ఇద్దరి గవాహి, అంటే కళ్లారా చూసిన ఇద్దరి సాక్ష్యం, కావాలి. రెండో మనిషి దొరకలేదు. కమిటీ పెద్ద యాసిన్ సాబ్ మర్యాదగానే పంపేశాడు. వెనక నుంచి ఎవరో, "దినమంత అద్దాలు అరగదీస్తడు, ఆ గీతలే కండ్లల్ల వడ్డయ్," అన్నారు. నవ్వులు. ఆనాటి నుంచి ఊళ్లో అతను చాంద్ చాచా.

నవ్వులు అతను ఓర్చుకున్నాడు. కాని పండుగైన నెలకు గద్వాలలో కంటి శిబిరం జరిగితే వెళ్లాడు. డాక్టరు గళ్ల కాగితం చూపించాడు. నడిమధ్యన గీతలు వంకర తిరిగి, అక్కడక్కడ చెరిగిపోయి కనిపించాయి. కంటి వెనక పొర పాడవుతోంది, ఆపరేషనుతో పోయేది కాదు అన్నాడు డాక్టరు. మరి ఆ వంకర గీతల్లో ఒకటేనా తాను చూసింది? నెలంతా ఉపవాసం ఉన్న నోటితో, లేనిదాన్ని ఉందని చెప్పాడా? ఈ ప్రశ్న ఏడాదిగా అతన్ని నమాజులో కూడా వదలలేదు. సజ్దాలో నుదురు నేలకు ఆనించినప్పుడే ఎక్కువ గుచ్చేది.

ఫిల్టరు ఉంటే ఇవాళ కంటికి చంద్రుడు దొరకవచ్చు. మళ్లీ మసీదుకు పోయి, చూశానని చెప్పి, పోయిన మాట నిలబెట్టుకోవచ్చు. క్లాంపుతో ఆ పని జరగదు. ఫోటో గవాహి కాదని, మనిషి కన్నే కావాలని యాసిన్ సాబ్ నిరుడే అన్నాడు. కాని ఫోనుకు లేనిది కనిపించదు కదా. నిజమేదో తనకైనా తెలుస్తుంది. తెలిసి ఏం చేసుకోవాలి? హైదర్ సంచిని కాలితో ఇంకా లోపలికి తోశాడు. కాసేపటికి మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

పదకొండింటికి పెబ్బేరు నుంచి అలివేలమ్మ తన కళ్లద్దాల కోసం వచ్చింది. చదువు రానివాళ్లకు హైదర్ అక్షరాల అట్ట చూపించడు. చక్రం పక్కన సీసా బెండులో ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. ఆ సూదీ, ఒక తెల్లదారం పోగూ చేతిలో పెడతాడు. అలివేలమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని, దారం కొన నాలుకతో తడిపి, ఒక్కసారికే ఎక్కించింది.

"ఎంత సాఫ్ కనవడుతున్నదే! నీ గడ్డంల నల్ల ఎంటికలు ఎన్నున్నయో చెప్పాల్నా?"

"ఇంటికి పోయి నీ కోడలు మొగం చూడు," అన్నాడు గల్లా దగ్గరి నుంచి బాలకృష్ణ.

"వద్దు సేటు. దాని మొగం మసకగుంటెనే మా ఇంట్ల నెమ్మది."

ముగ్గురూ నవ్వారు. "నీ కండ్లు సల్లగుండ, సాయిబూ," అని దీవించి ఆమె వెళ్లిపోయింది.

హైదర్ సూదిలోంచి దారం లాగేశాడు. బాలకృష్ణ ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లేదాకా ఆగి, తను ఎక్కించబోయాడు. సూది బెజ్జం ఎక్కడ ఉండాలో అక్కడ బూడిదరంగు మరక. తల పక్కకు తిప్పితే బెజ్జం ఉంది, తిన్నగా చూస్తే లేదు. ఏడుసార్లు ప్రయత్నించాడు. దారం కొన చీలికలైంది. సూదిని బెండులో గుచ్చి, దారాన్ని దాని పక్కన పెట్టాడు. ఈ నెలలో రెండు కళ్లజోళ్లు, అద్దం సరిగా కూర్చోలేదని, వాపసు వచ్చాయి. బాలకృష్ణ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి కష్టంగా ఉంది.

మధ్యాహ్నం జుహర్ నమాజు అయ్యాక కొరియర్ దుకాణానికి నడిచాడు. సగం దారిలో నిలబడి, ఫిల్టరు తీసి కంటికి అడ్డం పెట్టుకున్నాడు. బజారంతా నారింజరంగు అయిపోయింది. సేమ్యాల బండ్లు, గాజుల బండ్లు, అత్తరు సీసాలు, వాటి నడుమ కదులుతున్న జనం. అన్నీ తేటగా ఉన్నాయి, నడిమధ్య మరక తప్ప. మరక కూడా నారింజరంగే.

"పండుగకు కొత్త ఫ్యాషనా చాచా? ఒక్క కంటికే కొన్నవా?" అన్నాడు కొరియర్ డేవిడ్.

"ఇది వాపస్," అన్నాడు హైదర్.

డేవిడ్ పెట్టె అందుకున్నాడు. హైదర్ వెంటనే వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్య ఆ చిన్న పెట్టె ఒక్క క్షణం నిలిచింది.

"ఇస్తవా, ఉంచుకుంటవా?"

"తీస్కో."

సాయంత్రం ఖర్జూరంతో రోజా విడిచి, మగ్రిబ్ నమాజు డాబా మీదే ముగించాడు. సూర్యుడు పూర్తిగా దిగాకే టెలిస్కోపు మూత తీశాడు. ఇవాళ కూడా పడమట దుమ్మే. చుట్టుపక్కల డాబాల మీద పిల్లలు ఏదీ ఏదీ అని అరుస్తున్నారు. క్లాంపులో ఫోను బిగించడానికి అతని చేతులకు చాలాసేపు పట్టింది. భార్య మెహబూబీ పక్కన నిలబడి, అతను చెప్పినట్టు గొట్టాన్ని వెంట్రుకవాసి చొప్పున కదిలిస్తోంది.

"హుమేరా అబ్బా," అంది ఉన్నట్టుండి. "ఇదేంది? తెల్లగ, దారం లెక్క?"

ఫోనులో ఉంది. కింది అంచున, రెండు కొనలూ సన్నబడిన నెలవంక. తెర మీద పక్కచూపుతో వెతికితే అతనికీ అందింది. హైదర్ నొక్కాడు. ఫోటో పడింది. అప్పుడు క్లాంపు తీసేసి, తన కన్ను పెట్టాడు. తిన్నగా చూశాడు. మరక. కొంచెం పక్కకు చూశాడు. ఏదో ఉన్నట్టే ఉంది. నిజంగా ఉందా, ఫోనులో చూశాడు కాబట్టి ఉందనిపిస్తోందా? అతను అక్కడే వంగి నిలబడిపోయాడు. నడుము నొప్పెట్టి లేచేసరికి ఆకాశంలో ఇక వెతకడానికేం లేదు.

రాత్రి ఇషా నమాజుకు ముందు మసీదు ముంగిట జనం గుమిగూడి ఉన్నారు. ఆటో నడిపే మునవ్వర్ బీచుపల్లి వంతెన మీద బండి ఆపి చంద్రుణ్ణి చూశాడట. వచ్చి చెప్పాడు. ఇంకెవరూ చూడలేదు. ఒక్క సాక్ష్యంతో పండుగ ఆగి ఉంది.

"చాంద్ చాచా వచ్చిండు! జర జాగ ఇయ్యిర్రి!" అన్నారు ఎవరో. ఈసారి ఆ పిలుపులో వెక్కిరింత లేదు. భుజాల మీద చేతులు వేసి అతన్ని ముందుకు తోశారు.

యాసిన్ సాబ్ లేచి నిలబడ్డాడు. "హైదర్ భాయ్, చూసినవా?"

జేబులో ఫోను వెచ్చగా ఉంది. చంద్రుడు ఉన్నాడు, అందులో అబద్ధం లేదు. మునవ్వర్ చూశాడు, ఫోను చూసింది, మెహబూబీ తెర మీద చూసింది. చూశానన్న ఒక్క మాట చాలు. నిరుటి నవ్వులన్నీ మాఫీ అవుతాయి. ఈ జనమే రేపు ఈద్గాలో కౌగిలించుకుంటారు.

"ఫోను చూసింది సాబ్," అన్నాడు. "నా కంటికి కనవడలే."

వెనక ఉన్నవాళ్లు ముందుకు జరిగారు.

"పోయినేడు చూసిననుకున్న. ఇప్పుడు అడిగితే తెల్వదు. నా కండ్లు మంచిగ లేవు. ఆ మాట గూడ వాపస్ తీస్కుంటున్న."

"ఒక్క మాట అంటే ఏం పోతుండె చాచా!" అన్నాడు ఒక యువకుడు. "అందరం పరేషాన్ గాకపోతుంటిమి."

యాసిన్ సాబ్ ఆ కుర్రాణ్ణి చేత్తో వారించాడు. నమాజుకు వరుసలు కట్టేటప్పుడు కొంచెం జరిగి, తన పక్కన హైదర్‌కు చోటు చూపించాడు.

నమాజు అయ్యేసరికి హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. అక్కడ సాక్ష్యాలు నిలిచాయి. రేపే పండుగ. పటాకులు పేలాయి. హైదర్ ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో ఆ చప్పుళ్లలో ఎవరికీ గుర్తు లేదు. అతను ఇంటిదారి పట్టాడు. చాలారోజుల తర్వాత నోరు తేలిగ్గా ఉంది, కాళ్లు మాత్రం బరువుగా ఉన్నాయి. ఒక చోట చెప్పిన మాట ఇంకో చోట కూడా చెప్పాలి కదా.

పండుగ మూడోనాడు షీర్ ఖుర్మా డబ్బాతో దుకాణానికి వెళ్లాడు. బాలకృష్ణ తింటూ ఉండగా చెప్పాడు.

"వాపసొచ్చిన రెండు జోళ్లు నా తప్పే సేటు. నా చూపు పోతున్నది. ఏడాది సంది దాస్తున్న. ఇగ ఈ పని నాతోని గాదు."

బాలకృష్ణ చెంచా దించాడు. "నాకు ఎర్కనే హైదరన్న. వేలు వెట్టి చూస్తుంటివి గద. నువ్వే చెప్తవని ఊకున్న." డబ్బా పక్కకు జరిపి, "ఎవలు పొమ్మన్నరు? గల్ల కాడ కూసో," అన్నాడు.

"కనవడనోడు కండ్లద్దాల దుకాణంల కూసుంటే గిరాకి దగ్గరికొస్తదా?"

నవ్వించబోయాడు. బాలకృష్ణ నవ్వలేదు.

హైదర్ చక్రాన్ని కడిగాడు. సందుల్లో గట్టిపడిన తెల్లబురదను గోటితో గీకి, నీళ్ల సీసా నింపి, తలకిందులుగా దాని చోట తగిలించాడు. స్టూలును గోడవారగా జరిపాడు. చెప్పులు తొడుక్కుని, ఎడమకు కొద్దిగా వంగి, బస్టాండు గోడ వెంట నడిచి వెళ్లిపోయాడు.

చక్రం పక్కన బెండులో సూది గుచ్చే ఉంది. దాని దగ్గర, కొన చీలిన తెల్లదారం ఫ్యాను గాలికి లేచి పడుతోంది.