పున్నయ్య అడిగిన నూరు

నేను ఒక బిళ్ళను. జానెడైనా లేని తుమ్మ ముక్కను, రెండు కొసలూ చెక్కి ఉంటాయి. గోడు అనే మూరన్నర కర్రతో నా కొస మీద కొడితే ఎగరాలి, ఎగరగానే ఇంకో దెబ్బ తిని దూరంగా పడాలి. మనుషులు తమ పిల్లల్ని కుదురుగా కూర్చోమంటారు గానీ, నేను కుదురుగా ఉంటే పొయ్యిలో పెడతారు.

నన్ను చెక్కినవాడు పున్నయ్య, పత్తి మిల్లులో కూలి. ఆరు రోజులు దూదిలో దగ్గుతాడు, ఆదివారం మిల్లు వెనక బీడులో నన్ను ఎగరేస్తాడు. వారం మొత్తానికి వాడికి ఊపిరాడేది ఆ ఒక్క పూటే.

అంతలో ఊళ్ళోకి క్రికెట్టు దిగింది. ప్లీడరు గారబ్బాయి సీతాపతి బృందానికి ఆదివారాలు ఆ బీడే కావాల్సి వచ్చింది.

"మీ ఆటలోనే తేల్చుకుందాం. ఓడినవాళ్ళు మళ్ళీ ఇటు రాకూడదు" అన్నాడు సీతాపతి. వాళ్ళూ చిన్నప్పుడు నాబోటివాళ్ళను బాదినవాళ్ళేగా!

మా ఆటలో ఒక పద్ధతి ఉంది. గుంట నుంచి బిళ్ళ దాకా గోడుతో కొలిస్తే ఎన్ని వస్తాయో కొట్టినవాడే అడగాలి. ఎదుటివాళ్ళు ఒప్పుకుంటే అన్నీ అతనివే. ఒప్పుకోకపోతే కొలుస్తారు. ఒక్కటి తగ్గినా అన్నీ పోయినట్టే.

మిల్లు జట్టులో చివరికి పున్నయ్య ఒక్కడే మిగిలాడు. గెలవడానికి అరవై కావాలి. నన్ను గుంట పక్కన పెట్టుకున్నాడు. పున్నయ్య కొట్టాడు. అబ్బ, ఏం దెబ్బ! బీడు దాటి ముళ్ళపొదల దగ్గర పడ్డాను.

"అరవై అడగరా, అరవై చాలు!" అని అరిచాడు తోటి కూలి దావీదు.

"నూరు!" అన్నాడు పున్నయ్య.

సీతాపతి నవ్వి గోడు అందుకున్నాడు. వంగి, పొర్లించి పొర్లించి కొలిచాడు. ఎనభై దాటింది. కాళ్ళుంటే ఇంకాస్త వెనక్కి జరిగిపోయేదాన్ని. గోడు వచ్చి నన్ను తాకేసరికి తొంభై ఎనిమిది.

దావీదు నన్ను ఏరి పున్నయ్య చేతిలో పెట్టాడు. "ఎందుకడిగావురా నూరు?"

"అంత దెబ్బ కొట్టి అరవై ఎట్టా అడగనురా?"

వీధిలో ఆడితే ఎవరి కన్ను పోతుందోనని తరిమేస్తారు. అందుకని ఆదివారాలు నేను వాడి జేబులోనే ఉంటున్నాను. బీడు వైపు చప్పట్లు వినబడితే వాడి వేళ్ళు నన్ను గట్టిగా నొక్కుతాయి. ఒళ్ళు మండి తిడదామనుకుంటాను, నోరు రాదు. గాల్లో ఉన్నంతసేపూ నేనూ నూరే అనుకున్నాను.