రాజుగారి అంతిమయాత్రలో ఒక కేక

"నువ్వు రావచ్చు. కానీ నోరు తెరవకూడదు," అంది యొన్నా జడ వేయించుకుంటూ.

తల్లి వీబ్కె చేతిలో జడపాయ ఆగిపోయింది. "అదేంటే?"

"నీకు డేనిష్ రాదుగా. వచ్చిన నాలుగు ముక్కలూ జర్మన్‌లా పలుకుతావు. కోపెన్‌హేగన్ పిల్లలు నవ్వుతారు."

ఫ్లెన్స్‌బర్గ్ ఉన్నది జర్మనీలో. అయినా సరిహద్దు ఊరు కావడంతో అక్కడ డేనిష్ బడులున్నాయి. యొన్నా నాన్నవైపు వాళ్ళు తరతరాలుగా తాము డెన్మార్క్ మనుషులమేనని చెప్పుకునేవాళ్ళు, అందుకే పిల్లను ఆ బడిలో వేశారు. వీబ్కె మాత్రం జర్మన్ రైతుబిడ్డ. తల్లి మంచాన పడితే చదువు మానేసి తమ్ముళ్ళను పెంచింది, ఆ తర్వాత ఏ భాషా కొత్తగా నేర్చుకునే తీరిక దొరకలేదు. డెన్మార్క్ ముసలి రాజు పోయాడనీ, ఆయన అంతిమయాత్ర చూపించడానికి పిల్లల్ని తీసుకెళుతున్నామనీ, సాయానికి ఒక తల్లి కావాలనీ బడివాళ్ళు కబురు పెడితే అందరికంటే ముందు తనే ఒప్పుకుంది. చలిగాలి తగిలితే యొన్నాకు దగ్గు. పరాయి ఊళ్ళో దానికి ఛాతీ రుద్దేవాళ్ళెవరు?

"మరి ఎవరన్నా పలకరిస్తే?"

"నీ గొంతు పోయిందని చెప్తాలే. డాక్టరు మాట్లాడొద్దన్నాడని."

"అబద్ధానికి డాక్టరు సాక్ష్యం కూడానా?" వీబ్కె నవ్వబోయింది. పిల్ల ముఖంలో నవ్వు లేదు. "సరేలేవే," అంది.

కోపెన్‌హేగన్‌లో ఒక బడి వ్యాయామశాలలో చాపలు పరిచి వాళ్ళకు బస ఇచ్చారు. ఒక్కొక్కరికి ఆ బడి పిల్లల్లో ఒకరిని జోడీ కలిపారు. యొన్నాకు సిగ్నే అనే పిల్ల జత కుదిరింది. సాయంత్రానికల్లా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని గుసగుసలాడుకుంటున్నారు.

"మా తాతను యుద్ధంలో జర్మన్లు పట్టుకుపోయారు, తెలుసా? మళ్ళీ రాలేదు," అంటోంది సిగ్నే. "మా అమ్మమ్మ ఇప్పటికీ జర్మన్ మాట వినబడితే రేడియో కట్టేస్తుంది."

"మా ఇంట్లో అందరం డేనిషే," అంది యొన్నా తడుముకోకుండా.

రొట్టె ముక్కలకు వెన్న రాస్తున్న వీబ్కెకు ఆ మాత్రం అర్థమైంది. ఫ్లెన్స్‌బర్గ్ పిల్లలకు నిజం తెలుసు. కానీ వాళ్ళ ఇళ్ళలోనూ మాట్లాడేది జర్మనే, కాబట్టి ఎవరూ బయటపెట్టలేదు. మర్నాడు పొద్దున్న సిగ్నే ఒక సీసాలో వేడి తేనెనీళ్ళు తెచ్చి వీబ్కె చేతిలో పెట్టింది. "మా అమ్మమ్మ ఇచ్చింది. మీ గొంతుకి." వీబ్కె తల వంచుకుని తాగింది. గుటక గుటకకూ దొంగసొమ్ము మింగుతున్నట్టే ఉంది.

వీధులన్నీ నల్లగుడ్డలు కట్టుకున్నాయి. మంచు పడి కరిగి బురదైంది. పిల్లలను వాళ్ళ జోడీలతో కాలిబాట అంచున వరసగా నిలబెట్టి, టీచరు బోదిల్ మరోసారి చెప్పింది: "జెండాలు ఊపకండి. గుండెకు ఆనించి పట్టుకోండి. హుర్రే అన్నారంటే చెవులు మెలేస్తాను. ఇది మన వేసవి పండగ కాదు, వింటున్నారా?"

వినడానికి విన్నారు. అయితే ఫ్లెన్స్‌బర్గ్ డేనిష్ వాళ్ళకు వేసవిలో ఏటేటా ఒక ఊరేగింపు ఉంటుంది. బ్యాండు ముందు నడుస్తుంది. అది దాటగానే రోడ్డు పక్కన కాచుకుని ఉన్న పిల్లలంతా జెండాలతో దాని వెనక చేరిపోవాలి. నడక వచ్చిన నాటి నుంచీ కాళ్ళకు పట్టిన అలవాటది.

డోళ్ళకు గుడ్డలు చుట్టినట్టున్నారు, ఎక్కడో నేలమాళిగలోంచి మోగినట్టు వినబడుతున్నాయి. జనం టోపీలు తీశారు. అంతమందిలో ఒక్క దగ్గు కూడా లేదు. బ్యాండు వచ్చింది, దాటింది. దాని వెనక కొంత ఖాళీ. ఆ వెనక గుర్రపు దళం.

యొన్నా జెండా గుండెకు ఆనించుకునే, మామూలుగా, కాలిబాట దిగి బ్యాండు వెనక నడవసాగింది.

బోదిల్ వరసకు ఆ చివర ఉంది. గుర్రాలు మలుపు తిరిగాయి. ఆ పొగమంచులో ముందు వరస రౌతులకు అంత చిన్న పిల్ల కనబడుతుందా? వీబ్కె నోరు తెరిచింది. తెరిచి, ఆగింది. ఒక్క ఊపిరి మేర ఆగింది. ఆ తర్వాత ఆమె కడుపులోంచి జర్మన్ బయటికొచ్చింది.

"యొన్నా! ఆగవే! వెనక్కి రావే తల్లీ, గుర్రాలూ!"

వీధి వీధంతా తిరిగి చూసింది. యొన్నా కొయ్యబారిపోయింది. ఒక పోలీసు పరుగున వెళ్ళి, పిల్లను చంకన ఇరికించుకుని కాలిబాట మీద దించాడు. గుర్రాల డెక్కలు బురద చిమ్ముకుంటూ దాటిపోయాయి.

"మీ పాపేనా అమ్మా?"

వీబ్కె తల ఊపింది. చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్ళి, మాట రాదన్నట్టు సైగ చేసింది.

వెనక నుంచి ఒకావిడ ఈసడించింది. "గొంతు లేదట! ఇప్పుడేగా రాజుగారు శవపేటికలో ఉలిక్కిపడేలా అరిచింది!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో "ష్!" అన్నారు. ఫిరంగి బండి మీద రాజుగారి పేటిక వస్తోంది, నావికులు తాళ్ళు పట్టి లాగుతున్నారు. సిగ్నే అటు చూడలేదు. వీబ్కెను చూసింది, యొన్నాను చూసింది.

"మీ అమ్మ జర్మనా?"

యొన్నా దాని చెయ్యి పట్టుకుంది. సిగ్నే తన చెయ్యి విడిపించుకుని, వరసలో ఇద్దరు పిల్లలను దాటి అటువైపు నిలబడింది.

తిరుగు ప్రయాణంలో బోదిల్ వచ్చి వీబ్కె భుజం నొక్కింది. "మీరు అరవకపోతే ఏమయ్యేదో! బ్యాండు వెనక నడవకూడదని పిల్లలకు విడమరిచి చెప్పాల్సింది, నాదే పొరపాటు," అంది జర్మన్‌లో. వీబ్కె పొడిగా తల ఊపింది. సరిహద్దు దాటగానే పిల్లలంతా ఎవరూ చెప్పకుండానే జర్మన్‌లోకి దిగి అల్లరి మొదలుపెట్టారు. యొన్నా మాత్రం కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. దగ్గు మొదలైంది. వీబ్కె దాని కోటు గుండీ విప్పి, ఛాతీ మీద చెయ్యి వేసింది.

"నువ్వు అరవకుండా ఉండాల్సింది," అంది పిల్ల.

"గుర్రాలొస్తున్నాయే, తల్లీ."

"అయినా."

వీబ్కె రుద్దుతూనే ఉంది. పిల్ల కోపం నాలుగు రోజుల్లో పోతుంది, పోకపోయినా భరిస్తుంది. కానీ నోరు తెరిచి ఆగిందే, ఆ ఒక్క ఊపిరి! కన్నబిడ్డ మీదికి గుర్రాలొస్తుంటే, భాష గుర్తుకొచ్చి ఆగింది. అది యొన్నాకు తెలియదు. బోదిల్‌కూ తెలియదు. అరచేతి కింద బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటుంటే, వీబ్కె ఆ ఊపిరిని మళ్ళీ మళ్ళీ పీలుస్తూ కూర్చుంది.