నడిమి గోడ మీద రౌటర్

చేవెళ్ల బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపే విశ్వేశ్వర్, కూతురి కోసం ఇంటికి ఇంటర్నెట్ పెట్టించాడు. కూతురు సాయి ప్రియది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా తగ్గాక ఆ కంపెనీ వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మని, మిగతా రోజులు ఇంటి నుంచే పని చేసుకోమంది.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన బాల్‌రాజ్ రోడ్డు మీది స్తంభం నుంచి కేబుల్ లాగి మేడ మీద ముందుగది వరకు తెచ్చాడు. అక్కడికి కేబుల్ అయిపోయింది. అందుకని రౌటర్ కూడా అక్కడే పెట్టాడు. ఆ గది దుకాణానికి గోదాం. నేల నుంచి కప్పు దాకా బిందెలు, గంగాళాలు, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పెద్ద గంజులు. విశ్వేశ్వర్ వచ్చి చూసి, ఇంత మంచి వస్తువు దుమ్ములో ఉండకూడదని దాన్ని ఇనుప బీరువాలోకి మార్చాడు. వైరు నలగకుండా తలుపు కాస్త తెరిచి ఉంచాడు.

సాయి ప్రియ గది ఇంటి వెనకవైపు. అక్కడికి సిగ్నల్ ఒక గీత మాత్రమే వచ్చేది, అది కూడా దాని ఇష్టం ఉన్నప్పుడు. మీటింగుల్లో ఆమె మాటలు సగం దారిలో రాలిపోయేవి. ఒకసారి ఆమె ‘ఈ పని ఈ వారం అవ్వదు’ అని చెబితే చివరి మాట చేరలేదు. ఈ వారమే అవుతుందని మేనేజర్ పైవాళ్లకు చెప్పేశాడు. ఆ వారం ఆమె నిద్ర లేకుండా పని చేసింది. పని అయింది. దాంతో మేనేజర్‌కు ఆమె మాట మీద నమ్మకం పెరిగింది.

“బాపు, రౌటర్ బీరువాల పెడితే ఎట్ల? ఇనుము సిగ్నల్‌ను ఆపుతది” అంది తండ్రితో.

“తలుపు తెరిచే ఉన్నది కద.”

“తెరిచిన దిక్కు మొత్తం గిన్నెలే ఉన్నయి. ఇప్పుడు నెట్టు గంజులకు వస్తున్నది, నాకు వస్తలేదు.”

“బీరువాల నుంచి తీయి. కని కిందపడకుండ చూస్కో” అన్నాడు.

ఆమె పొడుగు కేబుల్ కొనుక్కొచ్చింది. రౌటర్‌ను వంటింట్లో ఫ్రిజ్ మీద పెడితే, తల్లి కన్యకాపరమేశ్వరి మైక్రోవేవ్‌లో పాలు వేడి చేసిన ప్రతిసారీ మీటింగు ఆగిపోయింది. కిటికీలో పెడితే సగం సిగ్నల్ వీధిలోకి పోయింది. చివరికి ఆమె లాప్‌టాప్ చేతిలో పట్టుకుని, స్పీడు చూసుకుంటూ ఇల్లంతా తిరిగింది. తేలిందేమిటంటే, రౌటర్ ఇంటి మధ్యలో ఉండాలి, ఎత్తులో ఉండాలి, చుట్టూ ఏమీ ఉండకూడదు.

ఇంటి మధ్యలో గోడ ఉంది.

ఆ గోడ అవతల ఆమె చిన్నాన్న ఉదయ్‌భాస్కర్ ఇల్లు. ఆయనది కిరాణా దుకాణం. ఒకప్పుడు అంతా ఒకే ఇల్లు. ఉదయ్‌భాస్కర్ కూతురు భవిత పెళ్లిలో విశ్వేశ్వర్‌ను భోజనానికి రెండో బంతిలో కూర్చోబెట్టారు. సొంత అన్నను రెండో బంతిలో, బావమరదులను మొదటి బంతిలో కూర్చోబెట్టాడని విశ్వేశ్వర్ అన్నాడు. మొదటి బంతిలో పిలిస్తే అన్న పందిరి బయట ఫోన్లో మాట్లాడుతూ నిలబడ్డాడని ఉదయ్‌భాస్కర్ అన్నాడు. ఇద్దరి మాటలూ నిజమే కావచ్చు. ఆ ఏడాదే హాలు రెండు సగాలను కలిపే దర్వాజ దగ్గర గోడ లేచింది. ఆ దర్వాజను ఇటుకలతో మూసేశారు. దాని పైన ఉన్న వెంటిలేటర్‌ను ఏం చేయాలని మేస్త్రి అడిగితే, అన్న గాలి రానియ్యమన్నాడు. తమ్ముడిని అడిగితే ఆయనా అదే అన్నాడు. అప్పటి నుంచి అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

ఆ గోడ దగ్గర నిలబడినప్పుడు సాయి ప్రియ లాప్‌టాప్‌లో ఇంకో నెట్‌వర్క్ పేరు కనబడేది: ఉదయ్ కిరాణా. అది వాళ్ల నెట్‌వర్క్‌కు అడ్డం పడుతోందని కూడా ఆమెకు తెలిసింది. కానీ ఎవరితో చెప్పాలి?

ఆ నెలలో ఒక విదేశీ క్లయింటుకు ఆమె తన పని చూపించాల్సి వచ్చింది. ఇంట్లో చేస్తే పరువు పోతుందని లాప్‌టాప్ తీసుకుని బస్సెక్కి మొయినాబాద్ వెళ్లింది. పక్కనే ఉన్న చిన్న మంగళారం ఊళ్లో ఫాంహౌసులకు వచ్చే సిటీ వాళ్ల కోసం అక్కడొక జ్యూస్ సెంటర్ వైఫై పెట్టింది. లోపలికి వెళ్లేసరికి మూల టేబుల్ దగ్గర, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఉదయ్‌భాస్కర్ కొడుకు గిరీష్ కూర్చుని ఉన్నాడు. అతనిదీ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. గోడ లేచాక ఇద్దరూ వీధిలో ఎదురుపడితే తల ఊపుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు.

“అక్కా, నువ్వేంది ఇక్కడ?”

“నెట్టు కోసం. నువ్వు?”

“నేను గూడ. మా బాపు రౌటర్‌ను తీస్కపోయి బాత్రూం పక్కన పెట్టిండు. నడిమిట్ల పెడితే సగం మీ ఇంట్లకు పోతదంట.”

ఆ రోజు నుంచి ముఖ్యమైన మీటింగు ఉంటే ఇద్దరూ అక్కడికే వచ్చి ఒకే టేబుల్ దగ్గర కూర్చునేవారు. ఇళ్లలో మాత్రం చెప్పలేదు.

సురంగల్ నుంచి బిందె కొనడానికి వచ్చిన సంగమ్మ విశ్వేశ్వర్‌తో అంది: “సేటు, ఒక మాట చెప్తె కోపం చేయొద్దు. మీ బిడ్డ మొయినాబాద్ల జ్యూస్ దుకాణంల ఒక పిల్లగానితోని కూసున్నది. మొన్న సూసిన, ఇయ్యాల సూసిన.”

విశ్వేశ్వర్ బిందె కట్టి ఇచ్చి, షట్టర్ సగం దించి, స్కూటర్ తీశాడు. దారి పొడుగునా కూతురితో ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్లాడు. గట్టిగా అరవకూడదనుకున్నాడు. ముందు పిల్లవాడి ఇంటిపేరు అడగాలనుకున్నాడు.

జ్యూస్ సెంటర్ ముందు ఇంకో స్కూటర్ ఆగింది. దాని మీద నుంచి ఉదయ్‌భాస్కర్ దిగాడు. ఎంకపల్లి నుంచి సరుకులకు వచ్చిన గిరాకీ ఒకతను ఆయనకూ కొడుకు గురించి ఇలాంటి మాటే చెప్పాడు. అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్లారు.

లోపల వాళ్ల పిల్లలే. విశ్వేశ్వర్‌కు ముందు గుండె తేలికైంది. ఆ తరువాత కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. సాయి ప్రియ తండ్రిని చూసి, మాట్లాడవద్దని చెయ్యి పైకెత్తి, స్క్రీన్ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. కూతురు అంత ధీమాగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఆమె చెప్పేది ఎక్కువగా ‘వినపడుతున్నదా?’ అనే మాటే.

ఖాళీగా ఉన్నది ఒకే టేబుల్. అన్నదమ్ములు దాని దగ్గరే ఎదురెదురుగా కూర్చుని, ఒకరు రోడ్డును, ఒకరు గోడ మీది పండ్ల బొమ్మలను చూశారు. దుకాణదారు వచ్చి “ఇద్దరూ కలిసే వచ్చిండ్రా?” అని అడిగాడు.

“కాదు” అన్నారు ఇద్దరూ కలిసే.

రెండు బత్తాయి రసాలు వచ్చాయి. ఆ రసాలు అయిపోయేసరికి మీటింగూ అయిపోయింది. సాయి ప్రియ, గిరీష్ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆమె ఒక ఖాళీ గ్లాసును టేబుల్ మధ్యలో బోర్లించింది.

“బాపు, చిన్నబాపు, ఇది రౌటర్ అనుకోండ్రి. ఇప్పుడు మాది ఈ కొసకు ఉన్నది, మీది ఆ కొసకు ఉన్నది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నయి. ఎవ్వలకూ సరిగ వస్తలేదు. ఒక్కటే నడిమిట్ల పెడితే రెండిండ్లకు మంచిగ వస్తది.”

ఉదయ్‌భాస్కర్ కొడుకు వైపు తిరిగాడు. “నడిమిట్ల గోడ ఉన్నది కద. పగలగొట్టాల్నా, అడుగు.”

విశ్వేశ్వర్ కూతురి వైపు తిరిగాడు. “వెంటిలేటర్ ఉన్నది కద, చెప్పు.”

“కనెక్షన్ ఎవరిది ఉంచాలె, అడుగు.”

“మనదే ఉంచుదాం, చెప్పు. పెద్దోనిది ఉండాలె.”

ఉదయ్‌భాస్కర్ ఆ చివరి మాట విని చాలాసేపు గ్లాసు తిప్పాడు. “సరే. కరెంటు మాది, చెప్పు” అన్నాడు.

అలాగే అయింది. వెంటిలేటర్‌కు దగ్గరలో విశ్వేశ్వర్ వైపు ప్లగ్ పాయింట్ లేదు. ఉదయ్‌భాస్కర్ వైపు పాత టీవీది ఉంది. బాల్‌రాజ్ వచ్చి కేబుల్ ఇటు నుంచి, కరెంటు వైరు అటు నుంచి తెచ్చి రౌటర్‌ను వెంటిలేటర్‌లో కూర్చోబెట్టాడు. సాయి ప్రియ గదిలో గీతలన్నీ నిండాయి. మొదటి మీటింగులోనే మేనేజర్ ఆమెను, ఎందుకు అలా గట్టిగా మాట్లాడుతున్నావని అడిగాడు.

కొద్ది వారాల తరువాత, పిల్లలిద్దరూ గచ్చిబౌలి వెళ్లిన రోజు, విశ్వేశ్వర్ మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసి టీవీలో నెట్టు మీద క్రికెట్ చూస్తుంటే బొమ్మ ఆగిపోయింది. రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగింది. అలా అయితే స్విచ్చు బంద్ చేసి మళ్లీ వేయాలని కూతురు చెప్పి ఉంది. స్విచ్చు గోడ అవతల ఉంది. కూతురికి ఫోన్ చేశాడు, ఎత్తలేదు. కన్యకాపరమేశ్వరిని వెళ్లి చెప్పమందామంటే ఆమె పడుకుంది. ఆఖరి ఓవర్లు.

ఆయన లేచి వెంటిలేటర్ కింద నిలబడి దగ్గాడు. అవతల నుంచి కూడా దగ్గు వినపడింది.

“స్విచ్చు జర బంద్ చేసి వేస్తే మంచిగుంటది” అన్నాడు గోడతో.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. టక్కుమని స్విచ్చు ఆగింది. కొంచెం ఆగి మళ్లీ టక్కుమంది. పచ్చ లైటు వచ్చింది.

“వచ్చిందా?”

“వచ్చింది.”

“మనోళ్లకు ఎన్ని కావాలె ఇంక?”

విశ్వేశ్వర్ చెప్పాడు. తరువాత మ్యాచ్ అయిపోయే దాకా అక్కడే నిలబడి, ఒక్కో బంతికి ఏమైందో ఇటు నుంచి చెబుతూ వచ్చాడు. అటు కూడా టీవీ నడుస్తోంది, అదే మ్యాచ్. ఆ సంగతి ఉదయ్‌భాస్కర్ చెప్పలేదు.

ఆ నెల తరువాత సాయి ప్రియకు ఒక కొత్త ఇబ్బంది మొదలైంది. రోజంతా బాగుండే నెట్టు సాయంత్రం నాలుగింటికి తప్పకుండా ఆగిపోతోంది. రెండు నిమిషాల్లో మళ్లీ వస్తోంది. ఆ సమయంలో ఆమెకు రోజూ మేనేజర్‌తో మీటింగు. రౌటర్ పాడైందేమోనని బాల్‌రాజ్‌కు ఫోన్ చేసింది. ఆయన వచ్చి చూసి మంచిగనే ఉన్నదన్నాడు. ఒకరోజు నాలుగింటికి ముందే ఆమె హాలు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

విశ్వేశ్వర్ టీ గ్లాసు పట్టుకుని కుర్చీని గోడ దగ్గరకు జరుపుకున్నాడు. రౌటర్ మీద పచ్చ లైటు నిశ్చలంగా వెలుగుతోంది. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు.

“ఉదయ్, నెట్టు ఆగినట్టున్నది. జర బంద్ చేసి వెయ్యి.”

“చేస్త. చాయ్ తాగినవా?”

టక్కుమంది. లైటు ఆరింది. పంచదార ధర గురించి, భవిత కొడుక్కు కొత్తగా వస్తున్న పళ్ల గురించి, ఎంకపల్లి వైపు లేస్తున్న ఇళ్ల ప్లాట్ల వెంచర్ల గురించి మాటలు సాగాయి. మధ్యలో ఎప్పుడో లైటు మళ్లీ వెలిగింది. వాళ్లు గమనించలేదు.

సాయి ప్రియ చప్పుడు చేయకుండా తన గదికి వెళ్లి మేనేజర్‌కు మెసేజ్ పెట్టింది. తమ ఊళ్లో రోజూ నాలుగింటికి కరెంటు పోతుందని, మీటింగును ఐదింటికి మార్చుకుంటే బాగుంటుందని. చాలా పల్లెల్లో అంతేనని విన్నానని రాసి, ఆయన ఒప్పుకున్నాడు.